కరివేపాకు రెబ్బ: ఒక్క ఆకా, ఇరవై ఆకులా?

ప్రశ్న (గుంటూరు): ఇంటర్ బోటనీ రికార్డులో కరివేపాకు అంటించి, కింద "అండాకార పత్రం" అని రాస్తే సరిపోతుందా? ఇంట్లో రెబ్బ అనేదాన్ని పుస్తకంలో ఏమంటారు?

– సరిపోదండీ. వంటింటి రెబ్బే వృక్షశాస్త్రంలో పూర్తి ఆకు. పోపులో ఆకు అనుకుని దూసి వేసేది పత్రకం. ఒక్కో రెబ్బకు సుమారు 11 నుంచి 21 దాకా ఉంటాయి. అనుమానముంటే కాడ కొమ్మకు అతుక్కున్న చోట పైమూల చూడండి. రెబ్బ మొదట్లో చిన్న మొగ్గ కనిపిస్తుంది. పత్రకం మొదట్లో ఎంత వెతికినా ఉండదు. కొత్తపేట బజారులో కొన్న విడి రెబ్బతో ఇది తేలదు, మొగ్గ కొమ్మ మీదే ఉండిపోతుంది కాబట్టి కొమ్మతో సహా తుంచాలి. రికార్డులో "పిచ్ఛాకార సంయుక్త పత్రం, పత్రకాలు అండాకారం" అని రాయండి. సంయుక్తమంటే పత్రకాలుగా విడిపోయిన ఆకు. పిచ్ఛమంటే నెమలి ఈక. నడుమ ఈనె, అటూ ఇటూ పోగులు, అదీ పోలిక.

– వంటల రాతల్లో "కరివేపాకు 2 రెమ్మలు" అంటున్నారు. రెమ్మ చిన్న కొమ్మ కదండీ, అది వేస్తే పులుసులో పుల్లలే! రెబ్బ అంటే విడదీస్తే వచ్చే భాగం. వెల్లుల్లి రెబ్బ, చింతపండు రెబ్బ అనడం లేదూ?

– అసలు పత్రకం అనే మాట ఎందుకు? మారేడును త్రిదళం అంటాం. ఆకు ఒకటే, దళాలు మూడు. లెక్క ఎంత కచ్చితంగా ఉందో చూడండి. పాఠ్యపుస్తకం పత్రదళం అని ఆకు వెడల్పు భాగానికి పెట్టి ఆ మాటను పాడుచేసింది.

– మరి తులసిదళం? తులసి సరళపత్రం, అంటే పత్రకాలుగా విడిపోని ఆకు. అక్కడ దళమంటే ఆకే. ద్విదళబీజంలో దళం పప్పుబద్ద. ఒక్క మాట మీద ఇన్ని బరువులు వేయలేం మాస్టారూ. పత్రకం నోటికి గరుకైనా అర్థం ఒక్కటే.

– ఈ లెక్క చేలోనూ అవసరమే. మినుముకు బీజదళాల (విత్తనంలోని పప్పుబద్దల) తర్వాత వచ్చే మొదటి జత సరళపత్రాలు. ఆపై ప్రతి ఆకుకూ మూడేసి పత్రకాలు. "మూడాకుల దశ" అన్నారని ఒక్క ఆకులోని మూడు పత్రకాలు లెక్కేసుకుంటే మొక్క వయసు తప్పుతుంది. ఆకు కొసన కాదు, కాడలు కాండానికి తగిలే చోట లెక్కపెట్టాలి.

ప్రశ్న (అదే వ్యక్తి): మరి పత్తి ఆకు? అయిదు వేళ్లలా ఉంటుంది.

– చీలిక కాడ దాకా రాదు, అందుకని సరళపత్రమే. ఆ వేళ్లను తమ్మెలు అంటారు. బొప్పాయీ అంతే, ఎంత లోతుగా చీలినా ఒకటే ఆకు. బూరుగుకు మాత్రం పత్రకాలు విడివిడిగా ఒకే బిందువు నుంచి వస్తాయి, అది హస్తాకార సంయుక్తం. ఆముదంతో జాగ్రత్త: తమ్మెలు చూసి పత్తితో కలిపేస్తారు గానీ, తిప్పి చూస్తే కాడ అంచున కాక వెనక, కాస్త లోపలికి అతికి ఉంటుంది, తామరాకులా.

అండాకారం గురించి ఒక్క మాట. కోలగా ఉన్న ప్రతిదానికీ అది రాయకండి. కాడ వైపు వెడల్పుంటేనే అండాకారం. బాదం ఆకుకు వెడల్పు కొన వైపు, అంటే గుడ్డును తలకిందులు చేసినట్టు.