‘ఏడు తరాలు’: వంశం కాదు, తరం

ప్రశ్న: అమెరికా నల్లజాతి రచయిత అలెక్స్ హేలీ తన పూర్వీకుల కథగా రాసిన ‘రూట్స్’ నవలను సహవాసి గారు తెలుగు చేసినప్పుడు ‘ఏడు తరాలు’ అని పేరు పెట్టారు. ‘వేళ్లు’ అనో ‘మూలాలు’ అనో ఎందుకు పెట్టలేదు? ‘ఒక వంశ కథ’ అన్నా సరిపోయేది కదా?

జవాబు: ‘వేళ్లు’ అంటే చేతివేళ్లు ముందు గుర్తుకొస్తాయి కనుక దాన్ని వదిలేద్దామండీ. ‘వంశం’ అని ఉంటే మాత్రం తప్పయ్యేది.

మన వాడుకలో వంశం తండ్రి నుంచి కొడుక్కి దిగుతుంది. వంశోద్ధారకుడు, వంశాంకురం, వంశం నిలబెట్టడం, అన్నీ మగపిల్లవాడి చుట్టూ అల్లుకున్న మాటలే. ఇప్పుడు ఈ కుటుంబాన్ని వరసగా చూడండి. ఆఫ్రికాలో గాంబియాలోని జుఫురే గ్రామం నుంచి ఎత్తుకొచ్చి అమెరికాలో బానిసగా అమ్మేసిన కుంటా కింటే, అతని కూతురు కిజ్జీ, ఆమె కొడుకు జార్జ్ (కోడిపందేల్లో ఆరితేరి చికెన్ జార్జ్ అనిపించుకున్నవాడు), అతని కొడుకు టామ్, టామ్ కూతురు సింథియా, ఆమె కూతురు బెర్తా, బెర్తా కొడుకు అలెక్స్. ఏడుగురిలో ముగ్గురు స్త్రీలు.

కిజ్జీ దగ్గర కాస్త ఆగాలి. పదహారేళ్ల పిల్లను తల్లిదండ్రుల నుంచి విడదీసి వర్జీనియా నుంచి నార్త్ కరోలినాకు అమ్మేశారు. కొన్నవాడు టామ్ లీ ఆమెను చెరిచాడు. జార్జ్ తండ్రి అతడే. బిడ్డ బానిసా, స్వతంత్రుడా అన్నది తల్లి స్థితిని బట్టి తేలుతుందని వర్జీనియాలో 1662లోనే చట్టం చేశారు. దక్షిణాది అంతటా నడిచింది ఆ పద్ధతే. యజమాని తన కన్నకొడుకును తన ఆస్తిగా రాసుకోవడానికి పనికొచ్చిన చట్టం అది. వంశం లెక్కన జార్జ్, లీ కుటుంబపు బిడ్డ. ఆ ఇంటి జ్ఞాపకం మాత్రం అతణ్ణి కుంటా కింటే మనవడిగానే నిలబెట్టుకుంది. తరం అనే మాటకు ఆడా మగా పట్టింపు లేదు. అందుకే ఈ కథను మోయగలిగింది.

ఇక ‘ఏడు’ సంగతి. ఏడు తరాలు కూర్చుని తిన్నా తరగని ఆస్తి అంటాం. సంబంధం కలుపుకునే ముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలంటారు పెద్దలు. దీని వెనక ధర్మశాస్త్రం ఉంది. ‘పంచమాత్ సప్తమాదూర్ధ్వం మాతృతః పితృతస్తథా’ అంటుంది యాజ్ఞవల్క్య స్మృతి. తల్లి వైపు ఐదు, తండ్రి వైపు ఏడు దాటితే సపిండులు (పెళ్లి కూడనంత దగ్గరి చుట్టాలు) కారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం దీన్ని మూడుకూ ఐదుకూ తగ్గించింది. అందులో లెక్క తనతో మొదలై పైకి పోతుంది. అలా అలెక్స్‌తో మొదలుపెట్టి పైకి లెక్కిస్తే కుంటా సరిగ్గా ఏడోవాడు. కానీ దారి తల్లి గుండా పోతోంది. అలెక్స్, బెర్తా, సింథియా, టామ్, జార్జ్: స్మృతి ప్రకారం అక్కడితో చుట్టరికం చాలు. కిజ్జీ, కుంటా గీతకు అవతలే ఉండిపోతారు. తండ్రి వైపు వారికే దక్కిన ఏడును తెలుగు పేరు ఈ తల్లి వైపు వారికి కట్టబెట్టింది. సహవాసి గారు ఈ లెక్క వేసుకునే పెట్టారని నేననను. అయినా నాకు ఇది ఎంతో న్యాయంగా కనిపిస్తుంది.

ఎందుకంటే, ఏడు తరాలు చెప్పుకోగలిగేది గోత్రమూ ఇంటిపేరూ భూమి కాగితాలూ ఉన్నవాళ్లే. అమెరికాలో 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకు వేరే పట్టిక ఉండేది. యజమాని పేరు రాసి, దాని కింద మనిషికొక వరస: వయసు, ఆడా మగా, రంగు. బానిసకు పేరు గడి లేదు. విముక్తి తర్వాత, 1870 లెక్కల్లో గాని దక్షిణాది నల్లవారిలో అత్యధికులు పేర్లతో కనిపించరు. ఆ లోపల జరిగిన కాలమంతా పేర్లను నోటితో కాపాడుకోవలసిందే.

నవలలో పేరు పెట్టే ఘట్టాలు అందుకే అంత బరువుగా ఉంటాయి. ఎనిమిదో రోజున తండ్రి ఒమొరో బిడ్డ చెవిలో మూడుసార్లు ‘కుంటా’ అంటాడు. ఎవరి పేరు ముందు వాళ్లకే తెలియాలట. బారసాలలో బిడ్డ చెవిలో పేరు చెప్పే ఇళ్లవాళ్లకు ఆ పేజీ దగ్గర వివరణ అక్కర్లేదు. తర్వాత టోబీగా మార్చబడిన ఆ మనిషే తన కూతురి చెవిలో ‘కిజ్జీ’ అని చెబుతాడు. ‘నువ్వు ఇక్కడే ఉండు’ అని ఆ పేరుకు అర్థమని, ఆమెనెవరూ అమ్మెయ్యకూడదని అతని ఆశ. చదివినప్పుడల్లా నాకు ఇక్కడ గొంతు పట్టేస్తుంది.

ఇంకొక సభ్యుని మాట: అంతా బాగుందండీ, కానీ ఆ ఏడు తరాలు నిజమని తేలలేదు కదా?

జవాబు: తేలలేదు. టోబీ అనే బానిస ప్రస్తావన కుంటాను కొన్న యజమాని కుటుంబపు కాగితాల్లో, అతణ్ణి తెచ్చిందన్న ఓడ 1767లో రాకముందే ఉందని వంశావళి పరిశోధకులు చూపించారు. హెరాల్డ్ కూర్లాండర్ అనే రచయిత, తన నవలలోని భాగాలు హేలీ వాడుకున్నారని వేసిన కేసు 1978లో రాజీతో ముగిసింది. అవి చిన్న విషయాలని నేననను. అందుకే దాన్ని నవలగా చదవమంటాను. పేరు విషయంలో మాత్రం ‘ఏడు’ కథలోని లెక్క, అది చెదరదు.

‘మూలాలు’ గురించి ఒక్కమాట. ఋషి మూలం, నదీ మూలం అడగకూడదంటాం. ఈ ఇంటివాళ్లు దాచుకున్నది ఒక నది పేరే. వర్జీనియాలో మట్టపొనై నదిని చూపించి కుంటా ‘కాంబీ బొలోంగో’ అంటాడు. తన ఊరి గాంబియా నదికి తన భాషలో పేరది. ఆ ముక్క పట్టుకునే తాను జుఫురే చేరానని హేలీ రాశారు. అడగకూడదన్న మూలాన్ని అడగడమే ఇతని కథ కనుక, ‘మూలాలు’ కూడా చెడ్డ పేరు కాదు. కానీ ఆ మాటలో మనుషులు కనిపించరు.

సభ్యులకు నాదొక ప్రశ్న: తాత, ముత్తాత వరకు అందరికీ తెలుసు. ముత్తాత తండ్రిని మీ ఇళ్లలో ఏమని పిలుస్తారు? తల్లి వైపు ముత్తవ్వ తల్లికి వేరే మాట ఉందా?