సమస్యాపూరణం: పుట్టుటకు ముందె వృద్ధుఁడై పోయెఁ గొడుకు

పద్యశాల (నిర్వహణ):

ఈ వారం సమస్య తేటగీతి పాదం. ఇదే చివరి పాదంగా, ముందు మూడు పాదాలు మీరు రాసి అర్థం కుదర్చాలి.

పుట్టుటకు ముందె వృద్ధుఁడై పోయెఁ గొడుకు

అంశం: ఇంకా విడుదల కాని స్మార్ట్‌ఫోన్ మీద వచ్చే పుకార్లు, లీకులు. ఒక్కటే షరతు. పూరణలో చెప్పిన సంగతి నిజంగా జరిగి ఉండాలి, అది ఏ ఫోనో పద్యం కింద రాయాలి. సమస్యలో ఉన్న అసంభవాన్ని నిజమైన వివరంతో విప్పితేనే పూరణ నిలబడుతుంది. ఊరికే "పుకార్లు పెరిగాయి" అంటే సరిపోదు.

కొత్తవారి కోసం: పాదానికి వరుసగా ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో పొంది కుదరాల్సిన చోటు. ప్రాస నియమం లేదు. సమస్యలో "పు"కి "పో"తో యతి కుదిరింది, చూసుకోండి.

గౌతమీతీరం:

తొడుగు లంగళ్లఁ జేరెను దొలుత వచ్చి
కొలత లన్నియు లోకులు కొలిచి రపుడె
వేదికను దండ్రి చూపెడి వేళ కతఁడు
పుట్టుటకు ముందె వృద్ధుఁడై పోయెఁ గొడుకు

ఇది 2025 నాటి ఐఫోన్ ఎయిర్ గురించి. తొడుగులు చేసేవాళ్ల కోసం తయారైన డమ్మీలు (పనిచేయని నమూనాలు) విడుదలకు చాలా ముందే బయట తిరిగాయి. మందం 5.5 మిల్లీమీటర్లని ఆ ఏడాది మొదట్లోనే అన్నారు. సెప్టెంబర్ 9న ఆపిల్ చెప్పింది 5.6.

పద్యశాల:

నడక హాయిగా ఉందండీ. సమస్యలో "కొడుకు" ఉంది కాబట్టి పద్యంలో ఎక్కడో తండ్రి కనబడాలి. మూడో పాదంలో ఆయన్ని వేదిక ఎక్కించి ఆ లోటు లేకుండా చేశారు. "కొలత లన్నియు" అనడం నాకు మరీ నచ్చింది. అక్కడ "వివరమెల్ల" అని రాసి ఉంటే అబద్ధమయ్యేది. పుకార్లు ఎక్కువగా ఆ ఫోన్‌ని "17 ఎయిర్" అనే పిలిచాయి, తీరా పేరులో 17 అన్న అంకే లేదు. కొలతలు తెలిశాయి, పేరు తెలియలేదు. మీ పద్యం ఆ హద్దు దాటలేదు.

చిరుదివ్వె:

మాస్టారూ, "తొడుగు" బదులు "ఫోనుకవచము" అని వాడవచ్చా? గంభీరంగా ఉంటుందని అనిపించింది.

పద్యశాల:

వద్దమ్మా. ఫోను ఇంగ్లీషు నుంచి వచ్చింది, కవచం సంస్కృతం. రెంటినీ సమాసం చేస్తే వైరి సమాసమే అవుతుంది. "ఫోను తొడుగు" అనండి, అంగట్లో అడిగినా అర్థమవుతుంది. ఫోను, నెట్టు, రాడరు వంటి మాటలను ఉకారాంతం చేసి విడిగా వాడుకుంటే పద్యం వాటిని చక్కగా మోస్తుంది.

ఓరుగల్లు బాటసారి:

దొంగ చేతికిఁ జిక్కెను దొల్త నొకటి
నెట్టులో వీడియోలుగా పాఱె నెచట
తెరను దీసిన దినమునఁ దెలుపు టేమి
పుట్టుటకు ముందె వృద్ధుఁడై పోయెఁ గొడుకు

గూగుల్ పిక్సెల్ 3 ఎక్స్‌ఎల్, 2018. అక్టోబర్ 9న న్యూయార్క్‌లో చూపించారు. అంతకు ముందే కొన్ని ఫోన్లు దారి తప్పి యుక్రెయిన్‌లో అమ్మకానికి వచ్చాయి. పెట్టె తెరవడం దగ్గర్నుంచి కెమెరా ఫొటోల దాకా అన్నీ నెట్లో పెట్టేశారు. తెర పైఅంచున ఉన్న లోతైన నాచ్ (గాటు) చూసి జనం నెలల తరబడి తిట్టుకున్నారు. ఇదంతా గూగుల్ కావాలని ఆడిస్తున్న నాటకమేమో, అసలు ఫోన్ వేరే ఉందేమో అని నమ్మినవాళ్లు కూడా ఉన్నారు. చివరికి వచ్చింది అదే ఫోన్.

గౌతమీతీరం:

రెండో పాదంలో యతి తప్పింది తమ్ముడూ. "నె"కి "పా" కుదరదు. గణాలు సరిగానే ఉన్నాయి.

పద్యశాల:

అవును. "నెచట" కూడా అక్కడ అర్థానికి పనికి రావడం లేదు, గణం నింపడానికి వచ్చి కూర్చున్న మాట. ఇలా మార్చి చూడండి:

నెట్టులో వీడియోలుగా నిలిచె నంత

ఎ, ఇ మిత్రాచ్చులు (ఒకదానికొకటి యతి కుదిరే అచ్చులు) కనుక "నె"కి "ని" సరిపోతుంది. ఇక మూడో పాదంలో తెర తీయడం బాగుంది కాని తండ్రి ఎక్కడా లేడు. దొంగ, నెట్టు, తెర ఉన్నాయి. కొడుకు ఎవరికి కొడుకో పాఠకుడే ఊహించుకోవాలి. ఫోన్ కథ ఇంత బలమైనది దొరికింది కదా, ఆ ఒక్క బంధుత్వం కూడా పద్యంలోకి తెస్తే ఇంకా పై మెట్టు ఎక్కుతుంది. నాటకమేమో అన్న అనుమానం పద్యంలో రాకపోవడమూ నష్టమే. కన్న తండ్రే బిడ్డను దాచి ఇంకొకడిని చూపిస్తున్నాడని లోకం అనుకున్న సందర్భం మళ్లీ మళ్లీ దొరకదు. దాని మీద విడిగా మరో పద్యం రాయండి.

చిరుదివ్వె:

నా మొదటి పూరణ.

పిక్సెలను బిడ్డ బొమ్మను బిలిచి చూపె
నాల్గు నెలలకు ముందుగ నాన్న తానె
బారసాలకు మిగిలిన వార్త యేది
పుట్టుటకు ముందె వృద్ధుఁడై పోయెఁ గొడుకు

పిక్సెల్ 4. బొమ్మలు లీకవుతుంటే 2019 జూన్ 12న గూగులే ఫోన్ వెనుక భాగం బొమ్మను ట్విటర్‌లో పెట్టేసింది. ఫోన్‌ని వేదిక మీద చూపించింది అక్టోబర్ 15న. మూడో పాదంలో బా, వా యతి చెల్లుతుందా?

పద్యశాల:

చెల్లుతుంది, బ-వలను ఒకటిగా చూసే అభేద యతి ఉంది. మొదటి పూరణ అంటే నమ్మలేకపోతున్నానమ్మా! లీకు అంటే ఎవరో దొంగిలించాలని, ఎవరో నోరు జారాలని మనం అనుకుంటాం. ఇక్కడ దాచాల్సిన మనిషే పిలిచి చూపించాడు. పుకార్లతో విసిగిన తండ్రి మనసు "నాన్న తానె" అన్న రెండు మాటల్లో వచ్చేసింది. బారసాల అన్న మాట పడగానే పద్యం మన ఇంట్లోకి వచ్చింది. మార్చాల్సింది ఏమీ లేదు.

నల్లమల:

అదే ఫోన్ మీద ఇంకో వైపు నుంచి నాదీ ఒకటి.

రాడ రున్నదంచుఁ జదివి రాత్రులెల్ల
ఎదురు చూచితి మిచ్చట నెంతొ మురిసి
ఊరి పొలిమేర దాఁటక యున్నవాఁడె
పుట్టుటకు ముందె వృద్ధుఁడై పోయెఁ గొడుకు

చేతిని గాల్లో ఆడిస్తే పాట మారే సోలి రాడార్ గురించి అప్పట్లో పుకారు మీద పుకారు. అది 60 గిగాహెర్ట్జ్ తరంగాల మీద పనిచేస్తుంది. మన దేశంలో ఆ బ్యాండ్‌కి అనుమతి లేకపోవడమే కారణమని వార్తలొచ్చాయి, పిక్సెల్ 4 ఇక్కడ అమ్మకానికే రాలేదు. కెమెరా నుంచి రంగుల దాకా అన్నీ కంఠతా వచ్చాక ఫోన్ లేదన్నారు. ఆ బాధ ఇంకా ఉంది.

పద్యశాల:

మీ బాధ పద్యంలో నిజంగా వినిపిస్తోంది. కాని ఒక చిక్కు ఉంది. ఆ కొడుకు అమెరికాలో పుట్టాడు కదా, పుట్టకముందే అన్నది ఎలా కుదురుతుంది? "మన దగ్గర పుట్టలేదు" అన్న మాట పద్యంలోనే రావాలి. మూడో పాదం ఇలా అంటే?

మన గృహంబునఁ బుట్టక మఱలిపోయి

పొలిమేర అన్న మాట పోతుందని తెలుసు, అది అందమైన మాట. అర్థం కోసం దాన్ని వదులుకోవాల్సిందే.

డాలస్ శ్రోత:

ఐఫోన్ 15 ప్రో బటన్ల మీద రాద్దామని కూర్చున్నాను. నొక్కితే కదలని బటన్లు వస్తాయని 2023 వసంతం దాకా గట్టిగా చెప్పారు. సెప్టెంబర్‌లో మామూలుగా కదిలే బటన్లే వచ్చాయి. దీనికి సమస్య ఎలా అతకాలో తోచడం లేదు.

పద్యశాల:

అతకదండీ. అక్కడ ముసలివాడైంది కొడుకు కాదు, లేని కొడుకు మీద పుట్టిన మాట. దానికి వేరే సమస్య కావాలి, మరో వారం ఇస్తాను.

గౌతమీతీరం:

ఇంకొకటి, మడత ఫోన్ మీద.

కడుపులోపలె మడతలు కలిగె ననుచు
ఏండ్ల తరబడి లోకమే యెత్తి చాటె
అష్టవక్రుని సాటియౌ నతఁడె చూడ
పుట్టుటకు ముందె వృద్ధుఁడై పోయెఁ గొడుకు

సామ్‌సంగ్ 2013లో లాస్‌వేగాస్ సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో యూమ్ అనే వంగే తెర చూపించింది. అప్పటి నుంచి ప్రతి ఏడూ "ఈసారి మడత ఫోన్" అన్నారు. గెలాక్సీ ఫోల్డ్‌ని చూపించింది 2019 ఫిబ్రవరిలో. సమీక్షకుల చేతుల్లో తెరలు పాడయ్యాక ఏప్రిల్ అమ్మకం ఆగి సెప్టెంబర్‌కి వెళ్లింది.

పద్యశాల:

ఊహ అద్భుతం. తండ్రి కహోడుడి వేదపాఠంలో తప్పు పట్టినందుకు గర్భంలోనే ఎనిమిది వంకరలు తెచ్చుకున్నవాడు మీరు చెప్పిన ఆ ముని. భారతం వనపర్వంలో జనకుడి వాకిట ద్వారపాలకుడు బాలుడివని ఆపితే, తల నెరిసినంత మాత్రాన వృద్ధుడు కాడని వాదించి లోపలికి వెళ్తాడు. అంటే మీ పోలికలో మడత ఒక్కటే కాదు, సమస్యలోని వృద్ధుడు కూడా ఉన్నాడు! జ్ఞానవృద్ధుడు అన్న అర్థం ఉచితంగా వచ్చింది.

అయితే పేరు అష్టావక్రుడు, "ష్టా" దీర్ఘం. దాన్ని కుదించి గణం సరిపెట్టడం ఒప్పుకోలేను. మూడు గురువులు వరసగా వచ్చే పేరు కనుక పాదం మొదట ఇమడదు. రెండో గణం చివర మొదలుపెడితే ఇముడుతుంది:

వినుఁడు వాఁడె యష్టావక్రు విధముగాను

వినుఁడు, వాఁడె య, ష్టావక్రు, విధము, గాను. యతి "వి"కి "వి". 

గౌతమీతీరం:

ఇదే ఉంచుతాను మాస్టారూ. "వాఁడె య" దగ్గర గణం విరిగినా చదవడానికి అడ్డు రావడం లేదు.

పద్యశాల:

ఆదివారం రాత్రి దాకా పూరణలు పంపవచ్చు. ఫోల్డ్ ఏప్రిల్ వాయిదా మీద ఇంకా ఎవరూ రాయలేదు.