లైట్ థెరపీతో మచ్చలు తగ్గాయి, వేళ్ల వాపు తగ్గలేదు

నాకు ప్లేక్ సోరియాసిస్ (చర్మం మీద ఎర్రటి, పొలుసుల మచ్చలు వచ్చే జబ్బు). మోచేతులు, మోకాళ్లు, నడుము మీద ఎక్కువ. స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్, కాల్సిపోట్రయాల్ (విటమిన్ డి రకం పూతమందు) రాస్తే తగ్గేది, ఆపగానే మళ్లీ వచ్చేది. దాంతో చర్మం డాక్టరు గారు నారోబ్యాండ్ యూవీబీ (ఒక రకం అతినీలలోహిత కాంతితో చేసే లైట్ థెరపీ) మొదలుపెట్టారు. 311 నానోమీటర్ల కాంతి, వారానికి 3 సార్లు. డోసు మెల్లగా పెంచుతూ వచ్చారు. మధ్యలో ఒళ్లు బాగా ఎర్రబడితే ఒక విడత ఆపి, తగ్గించి మళ్లీ ఇచ్చారు.

చర్మం వరకు ఫలితం బాగుంది. పొలుసులు రాలడం ఆగింది. తలలో మాత్రం జుట్టు అడ్డం కాబట్టి పెద్ద తేడా లేదు.

అసలు టెన్షన్ వేళ్లతోనే. పొద్దున లేచాక గంటకు పైగా కీళ్లు బిగుసుకుపోయి ఉంటున్నాయి. కుడిచేతి చూపుడు వేలు మొదలు నుంచి చివరిదాకా ఉబ్బింది, గోళ్ల మీద చిన్న చిన్న గుంటలు. వేడినీళ్ల కాపడం, నొప్పి బిళ్లలు వాడాను, ఉపశమనం కాసేపే. రక్తపరీక్షల్లో రుమటాయిడ్ ఫ్యాక్టర్ (రుమటాయిడ్ కీళ్లవాతానికి చూసేది) నెగెటివ్, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపేది) ఎక్కువ.

ఈ కాంతి చర్మంలో చేరిన టీ కణాలను (రోగనిరోధక కణాలు) చంపి, వాపును పెంచే ఐఎల్-17, ఐఎల్-23 సంకేతాలను తగ్గిస్తుందని, కీళ్లదాకా మాత్రం వెళ్లదని చదివాను. నా విషయంలో అచ్చం అలాగే ఉంది. కీళ్ల డాక్టరు మెథోట్రెక్సేట్ (రోగనిరోధక చర్యను తగ్గించే మందు, సోరియాసిస్ చర్మానికీ కీళ్లకూ వాడేది) మొదలుపెడదాం అంటున్నారు, చర్మం డాక్టరేమో ఇంకొన్నాళ్లు లైట్ చూద్దాం అంటున్నారు.

ఇలా చర్మం తగ్గి కీళ్లు తగ్గనివాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: మెథోట్రెక్సేట్ మొదలుపెట్టినప్పుడు మీకు లైట్ కొనసాగించారా, ఆపేశారా?