విల్లు కొనకు అతికించిన కొమ్ము మెరవడం లేదు, ఏం చేయాలి?

చంద్రగిరి_విల్లు:
వెదురు బద్ద అతికించి చేసిన విల్లు. రెండు కొనలకూ నల్ల గేదె కొమ్ము ముక్కలు ఆరల్డైట్‌తో అతికించి, ఆకురాయితో స్ట్రింగ్ గాడి తీశాను. 120, 220, 400 నంబర్ ఎమరీ కాగితాలు (నంబర్ పెరిగేకొద్దీ నునుపు) అయ్యాక 1000 కొట్టాను. నీడలో నిగనిగలాడుతుంది, ఎండలోకి తెస్తే ఒళ్లంతా బూడిద రంగు గీతలు. ఇంకోటి, వార్నిష్ కొమ్ము మీద కూడా వేయాలా?

పలమనేరు_టర్నర్:
400 నుంచి ఎకాఎకి 1000కి దూకితే ఇంతే. 220 గీతలు ఇంకా అక్కడే ఉన్నాయి, వాటి అంచులకు మెరుపు వచ్చిందంతే. మళ్లీ 220 పట్టుకో. ఒక నంబర్ నిలువుగా రుద్దితే తర్వాతది అడ్డంగా రుద్దు. పాత దిక్కు గీత ఒక్కటి కనిపించినా కాగితం మార్చకు. 800 నుంచి నీళ్లతో తడిపి రుద్దు. చివర్లో బఫింగ్ వీల్ (మెరుపు తెచ్చే గుడ్డ చక్రం, మోటారుతో గిర్రున తిరుగుతుంది) మీద పెడితే క్షణాల్లో పని అయిపోతుంది.

ఏర్పేడు_అన్న:
వీల్ మాట ఎత్తకండి. కొమ్ము, గోరు, వెంట్రుక అన్నీ కెరాటిన్ అనే ప్రోటీనే. వెంట్రుక కాలిన వాసన వచ్చిందంటే పని చెడినట్టే. వీల్ వేడికి పొరలు లేస్తాయి, అడుగున గమ్ మెత్తబడుతుంది. ఒక వర్క్‌షాపులో నా విల్లు ఇస్తే కొన ఊడగొట్టి చేతిలో పెట్టి, "మీ గమ్ మంచిది కాదు సార్" అన్నాడు. డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు.

రంగంపేట_కోడె:
పశువుల పండగకు ఎద్దు కొమ్ములు గీకిన చేతులు మావి. ఎమరీ కంటే ముందు పగిలిన గాజుపెంకు పట్టుకోండి. నిటారుగా పట్టి మీ వైపు లాగితే పొడి రాదు, ఉల్లిపొర లాంటి చుట్టలు లేస్తాయి. ఆకురాయి గాట్లు అక్కడే పోతాయి.

కాళహస్తి_బాబాయ్:
ఇన్ని చెప్పారు కానీ అసలుది చెప్పలేదు. 2000 నంబర్ అయ్యాక చిటికెడు విభూతి, ఒక చుక్క నువ్వుల నూనె, పాత పంచె గుడ్డ. బొటనవేలితో రుద్దండి. మొహం కనిపిస్తుంది.

తిరుచానూరు_77:
విభూతా? చచ్చిన గేదె కొమ్ముకు? మా తాత స్నానం చేయందే ముట్టేవాడు కాదు.

కాళహస్తి_బాబాయ్:
గుడిలో ఇచ్చింది వాడమన్నానా? కొట్లో దొరికే పొట్లం. కాల్చిన పిడకల బూడిదే కదా అది. అయినా మీ ఊళ్లో అందరూ నామాలు పెట్టేవాళ్లే, విభూతి మీద ఇంత పట్టింపు ఎప్పటి నుంచి?

తిరుచానూరు_77:
నామం పెట్టుకునేవాడికి శివుడు దేవుడు కాదా? మాట జాగ్రత్త బాబాయ్. కాళహస్తిలో ఉండి మీరు అనాల్సిన మాటేనా ఇది?

పలమనేరు_టర్నర్:
సామీ, ఇద్దరూ ఆగండి. పొట్లంలో ఏం కలిపారో ఎవరికి తెలుసు? ఒక్క ఇసుక రేణువు ఉన్నా 2000 దాకా చేసిన చాకిరీ గంగపాలు. పొయ్యిలో కట్టెల బూడిద తీసుకుని పల్చటి గుడ్డలో జల్లించుకోండి.

కాళహస్తి_బాబాయ్:
మాకు గ్యాస్ పొయ్యి.

పుత్తూరు_కొత్తోడు:
గేదె కొమ్ము ఎందుకు, శేషాచలం అడవిలో దుప్పులు రాల్చిన కొమ్ములు ఉంటాయిగా? వెన్నం జ్యోతి సురేఖ గారి విల్లుకు ఏ కొమ్ము వాడతారు?

ఏర్పేడు_అన్న:
తమ్ముడూ, రాలినదైనా సరే ముట్టుకోకు. ఇంట్లో దొరికితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు. ఎర్రచందనం బ్యాచ్ పక్కన కూర్చోబెడతారు. పైగా దుప్పి కొమ్ము అంటే ఎముక, ఇది అది ఒకటి కాదు. ఇక సురేఖ గారిది కాంపౌండ్ విల్లు, కొనల్లో చక్రాలుంటాయి. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది దాంతోనే. కొమ్ము మన కట్టె విళ్లకు, స్ట్రింగ్ చెక్కను కోయకుండా.

రంగంపేట_కోడె:
అందరూ మాస్క్ సంగతి మరిచిపోయారు. ఆ దుమ్ము లోపలికి పోతే రాత్రంతా దగ్గే.

చంద్రగిరి_విల్లు:
220కి వెనక్కి వెళ్లాను. టార్చ్ పక్క నుంచి వేసి చూస్తే గీతలు ఇప్పుడు తెలుస్తున్నాయి, 600 దగ్గరున్నాను. విభూతి జోలికి వెళ్లను. వార్నిష్ సంగతి ఎవరూ చెప్పలేదు. గాడి లోపలికి ఎమరీ దూరడం లేదు కూడా.

పలమనేరు_టర్నర్:
కొమ్ముకూ చెక్కకూ మధ్య అతుకు దాటేదాకా పల్చగా వెయ్యి, తేమ దూరకుండా. గాడిలో వద్దు, స్ట్రింగ్ రాసుకుని పెచ్చులు లేస్తుంది. గాడికి ఎమరీని పురిలా చుట్టి, తాడు లాగినట్టు అటూ ఇటూ లాగు. అంచులు గుండ్రంగా రావాలి. పదునుగా వదిలేస్తే డాక్రాన్ (కాస్త సాగే పాలిస్టర్) స్ట్రింగ్ అయినా అక్కడే తెగుతుంది.

తిరుచానూరు_77:
బాబాయ్ ఇంకా జవాబు చెప్పలేదు.