జాఫ్నా ఓటు కేవలం జాతి ఓటేనా?

బెజవాడ కుర్రాడు:
2024 సెప్టెంబరు 21న శ్రీలంకలో జరిగిన అధ్యక్ష ఎన్నికల ఫలితాలు జిల్లాలవారీగా చూశాను. అనుర కుమార దిసనాయకే గెలిచారు. తమిళులు, ముస్లింలు ఎక్కువగా ఉండే ఉత్తరం, తూర్పు జిల్లాల్లో మాత్రం అన్నిచోట్లా సజిత్ ప్రేమదాసే ముందున్నారు. 2019లోనూ ఇదే కథ. గోటాబయ రాజపక్స 52 శాతంతో గెలిస్తే, ఉత్తరాన తమిళుల జిల్లా జాఫ్నాలో సజిత్‌కి 80 శాతం దాటింది. నా మాట సూటిగా చెప్తాను. అక్కడివాళ్లు పాలన చూడరు, సింహళీయులు ఎవరికి వేస్తే వాళ్లకి ఎదురు వేస్తారు. కాదంటే ఆధారం చూపించండి.

లెక్కల మాస్టారు:
తమ్ముడూ, 2019 దగ్గర ఆగిపోయావు. 2010 కూడా చూడు. అప్పటి అధ్యక్షుడు, గోటాబయ అన్న మహింద రాజపక్స మీద పోటీ చేసింది శరత్ ఫొన్సేకా. ప్రత్యేక తమిళ దేశం కోసం ఆయుధం పట్టిన ఎల్టీటీఈతో తమిళుల గడ్డ మీద యుద్ధం నడిపిన సైన్యాధిపతి ఆయనే. యుద్ధం ముగిసి అప్పటికి ఎనిమిది నెలలు. అయినా తమిళ జాతీయ కూటమి ఆయన్నే బలపరిచింది, జాఫ్నా జిల్లాలో ఆయనకే ఎక్కువ ఓట్లు పడ్డాయి. జాతి ఒక్కటే చూసే ఓటరు ఆ పేరు పక్కన గుర్తు పెట్టగలడా?

ఇంకా వెనక్కి వెళ్దాం. 2005లో ఎల్టీటీఈ బహిష్కరణతో జాఫ్నాలో 2 శాతం మంది కూడా ఓటెయ్యలేదు. దేశం మొత్తం మీద మహింద గెలిచింది సుమారు 1.8 లక్షల తేడాతో. ఓటు వదులుకుంటే ఏమవుతుందో ఆ జనం కళ్లారా చూశారు.

బెజవాడ కుర్రాడు:
మాస్టారూ, మీ లెక్క ప్రకారం ఆ ఓటు రాజపక్సలకి ఎదురన్నమాట. మరి 2024లో వాళ్లు అసలు బరిలో బలంగా లేరు కదా? అయినా జాఫ్నాలో దిసనాయకేకి 10 శాతం కూడా రాలేదు.

స్కార్‌బరో తెలుగు:
దీనికి నేను చెప్తాను. టొరంటో పక్కన నేనుండే చోట లంక తమిళులు చాలామంది. నా పక్క సీట్లో కూర్చునే అన్న సొంతూరు జాఫ్నా. 2019లో గెలిచాక గోటాబయ అనురాధపురంలో, రువన్‌వెలిసాయ స్తూపం దగ్గర ప్రమాణం చేశారు. సింహళ ఓట్లతోనే గెలవగలనని తెలుసని, తమిళులనీ ముస్లింలనీ కలిసి రమ్మంటే అనుకున్నంత స్పందన రాలేదని ఆ రోజే అన్నారు. ఆ మాట విని ఆ అన్న ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. గెలిచినవాడు మొదటి రోజే 'మీరు నాకు వెయ్యలేదు' అంటే వినేవాడికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇక దిసనాయకే సంగతి. ఆయన పార్టీ జేవీపీ కోర్టుకి వెళ్తేనే 2006లో ఉత్తర, తూర్పు ప్రాంతాలను ఒకటిగా కలిపిన విలీనం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తమిళులు కోరుకున్న ఆ విలీనం 1987 భారత్–లంక ఒప్పందంతో వచ్చింది. జాఫ్నాలో ఇది ఎవరూ మర్చిపోలేదు.

అక్కడ బ్యాలెట్‌లో ముగ్గురి దాకా 1, 2, 3 అని ప్రాధాన్యం ఇవ్వొచ్చు. ఆ అన్న వాళ్ల అమ్మ ఈసారి 1 అని శంఖం గుర్తుకి వేసిందట, అంటే తమిళ ఉమ్మడి అభ్యర్థి అరియనేత్రన్‌కి. రెండో ప్రాధాన్యం టెలిఫోన్‌కి, అంటే సజిత్‌కి. నవంబరు 14న పార్లమెంటు ఎన్నికల్లో అదే అమ్మ దిక్సూచికి వేసింది. అది దిసనాయకే కూటమి గుర్తు! 'మన పార్టీలోళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడి కొట్టుకుంటున్నారు, వీళ్లకీ ఒక అవకాశం ఇద్దాం' అందట. ఎనిమిది వారాలు కూడా గడవలేదు. ఎదురు వేయడమే అలవాటైతే ఈ మార్పు ఎలా వచ్చింది?

గోదారి గట్టు:
నాదొక చిన్న మాట. ఉత్తరం తమిళం, దక్షిణం సింహళం అని రెండు ముక్కలు చేసి మాట్లాడకండి. నువర ఎలియ కొండల్లో తేయాకు తోటల తమిళులున్నారు, అక్కడా సజిత్‌దే పైచేయి. 1948 పౌరసత్వ చట్టంతో వాళ్లలో ఎక్కువమందికి ఓటే లేకుండా పోయింది. వాళ్ల బాధ వేరు, జాఫ్నా బాధ వేరు. ఇంట్లో ఒక రకం తెలుగు మాట్లాడుకునే అహికుంటకులు కూడా ఆ దేశంలో ఉన్నారు. మీ లెక్కలో వాళ్లెక్కడ?

లెక్కల మాస్టారు:
స్కార్‌బరో తమ్ముడు చెప్పింది బాగుంది గానీ, మరీ ఎక్కువ ఊహించుకోవద్దు. నవంబరులో దిసనాయకే కూటమికి జాఫ్నాలో వచ్చింది సుమారు 25 శాతమే. తమిళ పార్టీలు చీలిపోవడంతో 6 సీట్లలో 3 దక్కాయి. మిగతా మూడొంతుల మంది వెయ్యలేదు. తూర్పున మట్టకలప్పులో (బట్టికలోవా) తమిళ పార్టీయే గెలిచింది, 22 ఎన్నికల జిల్లాల్లో ఆయన కూటమికి చేజారింది అదొక్కటే.

బెజవాడ కుర్రాడు:
ఫొన్సేకా సంగతి నాకు నిజంగా తెలియదు మాస్టారూ. 'పాలన చూడరు' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ జాతి ప్రభావం లేదంటే మాత్రం ఒప్పుకోను. శంఖానికి జాఫ్నాలో 30 శాతం పైన పడ్డాయి కదా?

స్కార్‌బరో తెలుగు:
లేదని నేనెక్కడన్నాను? ఉంది. భూములు, కనబడకుండా పోయిన మనుషులు, సైనిక శిబిరాలు... ఇవన్నీ వాళ్లకి పాలన విషయాలే. ఉత్తర ప్రాంత మండలికి (మన రాష్ట్ర శాసనసభ లాంటిది) 2013లో ఒక్కసారి ఎన్నికలు పెట్టారు, 2018లో గడువు ముగిసింది, మళ్లీ పెట్టలేదు. ఆ ఎన్నికలు పెడతారా లేదా అన్నదే ఆ అమ్మ ఇప్పుడు కొడుకుని ఫోన్‌లో అడుగుతోంది.