సమస్య: పంచుకొన్నవారి పాలు పెరిగె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. పంచుకుంటే ఎవరి పాలు, అంటే వాటా, అయినా తరుగుతుంది కానీ పెరుగుతుందా? పెరిగేలా చెప్పాలి. అంశం రసాయన బంధం. ఆస్తి పంపకాలు, అన్నదానాలు వద్దు, అవి పోయినసారే అయిపోయాయి.

పాలవెల్లి: నేను ఆవుపాలు అనుకుని సగం పద్యం రాసేశాను! తోడు కూడా పెట్టాను. సరే, చెరిపేసి మళ్ళీ రాశాను.

ఒక్కటున్న చోట నొక్కటి చేరిన
రెండు నావె యనుచు రెండు పలికె
హైడ్రొజనుల జంట యణువయ్యె నీతీరు
పంచుకొన్నవారి పాలు పెరిగె

యతి పోలీసు: గణాలు, యతులు సరిపోయాయి. రెండో పాదంలో మొదటి రెండు ఎలక్ట్రాన్లు, రెండో రెండు పరమాణువులు. బాగుంది. కానీ ఒక్కటి ఏమిటో పద్యంలో ఎక్కడా లేదు. ఎలక్ట్రాన్ అన్న మాట తెలియనివాడికి ఇది పెళ్ళిపద్యంలా ఉంటుంది.

ఉప్పుకల్లు: నాది చూడండి. ఎలక్ట్రాన్ మాట కూడా పెట్టాను.

ఉప్పునందు చూడుమొక్క యెలక్ట్రాను
సోడియమ్ము విడువ చోటు చూపి
క్లోరు దాని గొనెను కొంగుబంగారమై
పంచుకొన్నవారి పాలు పెరిగె

కెమిస్ట్రీ మాస్టారు: కొంగుబంగారం దగ్గర ఆగి మళ్ళీ చదువుకున్నాను, అంత నచ్చింది. కానీ బాబూ, సమస్య తీరలేదు. ఉప్పులో పంపకమే లేదు. సోడియం తన 11లో ఒకటి ఇచ్చేసి 10తో మిగిలింది. క్లోరిన్ 17 నుంచి 18కి పోయింది. ఒకరికి తరిగి ఇంకొకరికి పెరిగితే అది దానం. తర్వాత రెండూ ధనావేశం, రుణావేశంతో అతుక్కుంటాయి, అది అయానిక బంధం. మనకు కావలసింది ఎలక్ట్రాన్లను పంచుకునే సమయోజనీయ బంధం.

ఉప్పుకల్లు: పేరు చూసుకుని తొందరపడ్డాను మాస్టారూ. ఒక సందేహం. పాలవెల్లి గారి పద్యంలో కూడా మొత్తం ఎలక్ట్రాన్లు రెండే కదా, పెరిగింది ఎక్కడ?

కెమిస్ట్రీ మాస్టారు: సమస్యకు ప్రాణం అక్కడే ఉంది. రెండు పొలాల గట్టు మీద ఒక బోరు ఉందనుకో. ఈ రైతునడిగితే నాకు బోరుంది అంటాడు, ఆ రైతూ అదే అంటాడు. ఇద్దరిదీ అబద్ధం కాదు, బోరు మాత్రం ఒకటే. 1916లో అమెరికాలోని బర్క్‌లీలో పనిచేస్తున్న రసాయన శాస్త్రవేత్త లూయిస్ చెప్పింది ఇదే: జంట ఎలక్ట్రాన్లను రెండు పరమాణువుల లెక్కలోనూ వేయండి అని. మనం బడిలో గీసిన చుక్కల బొమ్మలు ఆయనవే. ఈ సమయోజనీయ బంధానికి ఇంగ్లీషులో కోవలెంట్ అన్న మాట 1919లో లాంగ్మ్యూర్ అనే మరో శాస్త్రవేత్త పెట్టాడు.

లెక్కలో పెరిగింది సరే, అతుక్కుని ఎందుకుంటాయి? మధ్యలో ఉన్న ఆ జంటను రెండు కేంద్రకాలూ లాగుతాయి. మరీ దగ్గరైతే కేంద్రకాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. హైడ్రోజన్‌లో ఈ లాగుడూ నెట్టుడూ సరిపడే దూరం 74 పికోమీటర్లు (పికోమీటరంటే మీటరులో లక్ష కోట్లవ వంతు). ఒక మోల్ (సుమారు 2 గ్రాముల) హైడ్రోజన్‌లో బంధాలన్నీ తెంపాలంటే 436 కిలోజౌళ్ళు పెట్టాలి. చుక్కల బొమ్మ ఈ అంకె చెప్పలేదు. 1927లో హైట్లర్, లండన్ క్వాంటం లెక్క వేశాకే కారణం తెలిసింది. (ఈయన హైట్లర్, ఆ హిట్లర్ కాదు, కంగారు పడకండి.)

బొగ్గు కవి: మీథేన్ (ఒక కర్బనం, నాలుగు హైడ్రోజన్లు) మీద నా ప్రయత్నం. రెండో పాదం ముందు "ఎనిమిదయ్యె లెక్క నిండుగాను" అని రాశాను. యతి పోలీసు గారు ఇన్‌బాక్స్‌లోనే పట్టేశారు.

యతి పోలీసు: ఎ-కు ఇ-తో యతి కుదురుతుంది. కానీ "నిండు"లో నకారం ఆ మాట సొంతం, మధ్యలో వచ్చి చేరింది కాదు. అందుకని చెల్లదు. "యింపుగాను" అంటే యతి చెల్లుతుంది, కాకపోతే ఆ ఇంపు ఎందుకొచ్చిందో చెప్పాలి.

బొగ్గు కవి: ఇంపు తీసేశాను. సవరించింది ఇది:

నాలుగున్న కర్బనమ్ము నల్గురి జేర్చి
యష్టకమ్ము నిండె నన్ని దెసల
హైడ్రొజనుల కెల్ల నబ్బెను రెండేసి
పంచుకొన్నవారి పాలు పెరిగె

కెమిస్ట్రీ మాస్టారు: నా ఓటు దీనికే. కర్బనం బయటి కక్ష్యలో 4 ఉన్నవి లెక్కలో 8 అయ్యాయి, అదే అష్టకం. ఒక్కో హైడ్రోజన్‌కు 2. అందరి పాలూ పెరిగింది, ఎవరికీ తరగలేదు. "అన్ని దెసల" కూడా ఊరికే పడలేదు, ఆ నాలుగు బంధాలు ఒకే తలంలో ఉండవు, చతుర్ముఖి (నాలుగు ముఖాల ఘనాకారం) మూలల వైపు చాచుకుంటాయి.

పాలవెల్లి: అయితే పంపకం ఎప్పుడూ సమానమేనా? నీటి మీద ఇంకొకటి:

నీటి యణువులోన నీతి యేడ కలదు?
ఆమ్లజనియె లాగు నధికముగను
తగ్గి యున్నగాని తాళిరి తమ్ముళ్ళు
పంచుకొన్నవారి పాలు పెరిగె

యతి పోలీసు: పాదం మధ్యలో కాకపోయినా, పద్యం నడుమ రెండో పాదం మొదట్లో "ఆ" అన్న అచ్చు పడింది. ప్రశ్న తర్వాత కాబట్టి వదిలేస్తున్నాను. ఆస్తి పంపకాలు వద్దన్నా అన్నదమ్ములను తెచ్చారు!

కెమిస్ట్రీ మాస్టారు: అన్నగారి, అంటే ఆమ్లజని (ఆక్సిజన్) లాగుడు నిజమే. పౌలింగ్ కొలమానంలో ఆక్సిజన్ రుణవిద్యుదాత్మకత (బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాగే గుణం) 3.44, హైడ్రోజన్‌ది 2.20. తమ్ముళ్ళకు లెక్కలో 2 వచ్చినా జంట అన్న వైపే ఒరిగి ఉంటుంది. అందుకే ఆక్సిజన్ వైపు కాస్త రుణావేశం, హైడ్రోజన్ల వైపు కాస్త ధనావేశం. ఇక బెంజీన్ ఎవరైనా పట్టుకోండి. అక్కడ ఆరు ఎలక్ట్రాన్లు ఆరు కర్బనాల ఉమ్మడి సొత్తు, ఏది ఎవరిదో విడదీయలేం.

బొగ్గు కవి: అంత సంసారం ఆటవెలదిలో పట్టదు మాస్టారూ. సీసం ఎత్తుకోవాలి, కింద ఆటవెలది పెట్టుకుంటే సమస్య అందులో వేసుకోవచ్చు.

ఉప్పుకల్లు: సీసం అంటే పద్యమేగా? లోహం అయితే నేను మళ్ళీ తప్పు బంధం రాస్తాను.