‘హను-మాన్’: ఆశలకు తగ్గ సినిమానా, ‘ఆదిపురుష్’ పుణ్యాన గట్టెక్కిందా?

సెకండ్‌షో సత్తి
చూడనివాళ్లు ఇక్కడే ఆగండి, కథంతా చెప్పేస్తున్నా.

71వ జాతీయ అవార్డుల్లో యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో ‘హను-మాన్’కి ఉత్తమ చిత్రం వచ్చింది. ఫైట్స్‌కి ఇంకోటి. అప్పట్నుంచి మా ఆఫీసులో ‘ఇంత అంచనాలు నిలబెట్టుకున్న సినిమా ఇంకోటి లేదు’ అని ఒకటే గోల. అసలు ఆ అంచనాలు ఎక్కడ పుట్టాయి? 2022 అక్టోబర్‌లో రామాయణం మీద తీసిన ‘ఆదిపురుష్’ టీజర్ వచ్చింది, బొమ్మల సినిమా అని జనం ఆడుకున్నారు. నవంబర్ 21న దీని టీజర్ దిగింది. ఉప్పు లేని పప్పు తిన్న నోటికి ఆవకాయ తగిలింది, అంతే.

ఇక సినిమాగా చూస్తే, చివర్లో హిమాలయాల్లో మంచు బద్దలుకొట్టుకుని సాక్షాత్తూ హనుమంతుడే వస్తాడు. దేవుడే వచ్చాక సూపర్‌హీరో ఎవరు? మన హీరో కుర్రాడు హనుమంతు ఎందుకు?

గోదారి గట్టు
సత్తి గారూ, టీజర్ పోలికతో ఓపెనింగ్ వస్తుంది. రెండో వారం రాదు. ఇది విడుదలైంది 2024 జనవరి 12న, అదే రోజు మహేశ్‌బాబు ‘గుంటూరు కారం’. హైదరాబాద్‌లో దీనికి హాళ్లు దొరకలేదని ఎంత గొడవైందో మర్చిపోయారా? సంక్రాంతి అయ్యాక చూస్తే హాళ్లు పెరుగుతున్నాయి. మా ఊళ్లో అయితే పండక్కొచ్చిన అల్లుళ్లు వెళ్లిపోయాక మామలు చూశారు.

కరీంనగర్ కిట్టు
అన్నా, ఆ నెల 22న అయోధ్యలో ప్రాణప్రతిష్ఠ. టికెట్‌కి 5 రూపాయలు గుడికని సినిమావాళ్లు ముందే ప్రకటించారు. ఊరంతా భక్తి మూడ్‌లో ఉంది. ఆ గాలి కలిసొచ్చిందనకుండా హాళ్లు పెరిగాయంటే ఎట్ల?

గోదారి గట్టు
భక్తితోనే ఆడేస్తే ‘ఆదిపురుష్’కి ఏమైంది తమ్ముడూ? 2023 జూన్‌లో ప్రతి హాల్లో హనుమంతుడికి ఒక సీటు వదిలారు. మొదటి మూడు రోజులు దాటాక ఆయన పక్క సీట్లు కూడా ఖాళీయే.

కరీంనగర్ కిట్టు
😄 ఇది ఒప్పుకుంటున్నా.

కొబ్బరిగెల
మీరంతా లెక్కల దగ్గరే ఆగిపోయారు. సత్తి గారి రెండో ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు.

నాకు ఈ సినిమాలో బాగా నచ్చింది గ్రాఫిక్స్ కాదు, ఒక నియమం. హనుమంతుకి ఒక మహిమ గల మణి దొరుకుతుంది కదా, దాని మీద ఎండ పడితేనే వాడికి బలం. పొద్దు గుంకితే వాడు మళ్లీ ఉండేలు పట్టుకుని తిరిగే చిల్లర దొంగే. సూపర్‌హీరో కథకి కావలసింది ఇదే కదా? బలం ఎంతుందని కాదు, ఎక్కడ ఆగిపోతుందని. మణి దొరికాక ప్రతి సీన్లోనూ నేను టైమెంతయిందో చూసుకున్నా, ఇది పగలా సాయంత్రమా అని. దర్శకుడు ప్రశాంత్ వర్మ డబ్బు ఖర్చు లేకుండా తెచ్చిన టెన్షన్ అది.

విలన్ మైకేల్‌ని చూడండి. చిన్నప్పుడు కామిక్స్ చదివి, సూపర్‌హీరోలకి అమ్మానాన్న ఉండరని కనిపెట్టి, సొంత తల్లిదండ్రుల్నే చంపేస్తాడు. పెద్దయ్యాక సూటు కుట్టించుకుంటాడు, మిషన్లు కొంటాడు, బలం మాత్రం రాదు. ఇక్కడేమో అక్క అంజమ్మ పెంచిన అనాథ కుర్రాడికి అడక్కుండానే దొరుకుతుంది. విదేశీ సూపర్‌హీరో ఫార్ములాని ఇంత సరదాగా వెక్కిరించిన సినిమా మన దగ్గర నేను చూడలేదు.

సెకండ్‌షో సత్తి
అక్కా, మీరు చెప్పింది బావుంది, కానీ అదే మిమ్మల్ని పట్టిస్తుంది. మైకేల్ నమ్మకం ఏమిటి? అయినవాళ్లు పోతేనే హీరో పుడతాడు. సినిమా దాన్ని వెక్కిరించింది, నిజమే. మరి అంజమ్మని చంపిందెందుకు? హనుమంతుకి కోపం తెప్పించడానికే కదా. అంటే మైకేల్ ఫార్ములానే దర్శకుడు చివరికి వాడుకున్నాడు.

కొబ్బరిగెల
...

ఇది నాకు తట్టలేదు. నిజంగానే.

అయినా ఆవిడ ఊరికే పోలేదండీ. పెళ్లికూతురి ముస్తాబులో కొబ్బరికాయలతో ఆ రౌడీలని ఉతికింది చూశారుగా. నా పేరు అక్కణ్నుంచే పెట్టుకున్నా. అంజమ్మగా వేసిన వరలక్ష్మి అలా నిలబడ్డాక చంపకుండా ఉండాల్సింది. అక్క బతికుండగానే తమ్ముడు హీరో అయితే మైకేల్‌కి అంతకంటే చెంపదెబ్బ ఇంకోటి ఉండేది కాదు.

డాబామీద దాసు
నా అనుభవం వేరు. మా టౌన్లో ఒక హాల్లో చూశా, పేరెందుకులెండి. హనుమంతుకి రాత్రిపూటే పవర్ ఉండదు, ఆ ప్రొజెక్టర్‌కి ఆట మొత్తం లేదు. రాత్రి సీన్లలో కోతి మాట్లాడుతుంటే రవితేజ గొంతు వినపడుతోంది, కోతి కనపడదు. అయినా ఎవడూ లేవలేదు.

క్లైమాక్స్‌లో మా పక్క సీటు ముసలమ్మ చెప్పులు విడిచేసి, కాళ్లు సీటు మీదకి లాక్కుని, రెండు చేతులూ ఎత్తేసింది. సత్తి అడిగిన ప్రశ్న ఆవిడకి ప్రశ్నే కాదు. ఆవిడ వచ్చింది ఆయన కోసమే. మన గుళ్లలో ఎత్తు విగ్రహం ఉంటుంది, దాని కాళ్ల దగ్గర కూర్చున్న మనిషీ ఉంటాడు. ఈ కథ ఆ కాళ్ల దగ్గర మనిషిది.

సెకండ్‌షో సత్తి
దాసన్నా, దండం పెట్టించడం వేరు, కథ ముగించడం వేరు. ముసలమ్మకి నచ్చింది, సరే. రెండున్నర గంటలు హనుమంతుతో తిరిగిన నాకు వాడి నిర్ణయం వల్ల ఏదో ఒకటి తెమలాలి. పిలిస్తే దేవుడొస్తాడంటే, అక్క గారు మెచ్చుకున్న ఎండ నియమం కూడా అక్కడే కొట్టుకుపోయింది. రెండో భాగం ‘జై హనుమాన్’కి లింకు కావాలి కాబట్టి అలా రాశారని నా అనుమానం.

గోదారి గట్టు
లింకు అని ఒప్పుకుంటా. కానీ ఆ లింకు చూశాక ‘ఇంకో భాగమా’ అని ఎవరైనా విసుక్కున్నారా మీ హాల్లో?

సెకండ్‌షో సత్తి
లేదు. ఈలలేశారు. నేనూ వేశా, అది వేరే విషయం.

కొబ్బరిగెల
😄 ఎండ నియమం కొట్టుకుపోయిందంటే మాత్రం మా ఇంట్లో చెల్లదు. సినిమా చూసిన మర్నాడు మా ఆరేళ్లది ఎరుపు ప్లాస్టిక్ గాజు ఒకటి పట్టుకుని డాబా ఎక్కింది. సూర్యుడికి ఎదురుగా ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో నీళ్ల బిందె లేపబోయింది. కాసేపటికి మబ్బు పట్టింది. బిందె వదిలేసి కిందికొచ్చి, ‘ఇవాళ్టికి అయిపోయింది, అన్నం పెట్టమ్మా’ అంది.